పేరుచీటియు శాసనముద్రయు: శ్రీకూర్మ స్తంభలేఖనములనుబట్టి యొక విచారము

మనుష్యుఁడు తన్నుఁ దా నెఱిఁగించుకొనవలసిన సందర్భము లోకవ్యవహారమున నడుగడుగునఁ గలుగుచుండును. ఎదుట నున్నవానికి నోటితోఁ జెప్పుకొనవచ్చును. ఎదుట లేనివానికిని, బిమ్మట రాఁబోవువానికినిఁ జెప్పవలసినప్పుడు లేఖనమే శరణ్యము. నేఁడు వర్తకులు, వైద్యులు, న్యాయవాదులు, గ్రంథకర్తలు ఒండొరుల కిచ్చుకొను చిన్న యట్టముక్క యీ యవసరమునుండి పుట్టినదే. దీనిని లోకులు విజిటింగు కార్డందురు. పేరుచీటి యనినను అర్థము చెడదు. ఇది పాశ్చాత్యులతో వచ్చిన క్రొత్త యాచారమని సామాన్యముగాఁ దలఁతురు. అట్టముక్క వారితో వచ్చినమాట నిజమే. కాని కొలఁది తావులో నొకని పేరును, ఊరును, వంశమును, బనియును దెలియునట్లు వాక్యము కూర్చు విద్య యీ సీమలో నంతకంటెఁ బ్రాచీనమైనది. ఆ విద్యకు శ్రీకూర్మక్షేత్రమందలి స్తంభములు సాక్ష్యములు. ఆ సాక్ష్యమునుబట్టి పేరుచీటి యెట్లుండవలెనో, నేఁటి చీటిలో నేది లోపించుచున్నదో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

శ్రీకూర్మ లేఖనముల క్రమము

శ్రీకూర్మము శ్రీకాకుళము జిల్లా గార మండలమున, సముద్రతీరమునకు సమీపమున నున్నది. ఇచటి మూలమూర్తి కూర్మాకృతి, స్వామి పశ్చిమాభిముఖుఁడు. తూర్పున నొకటియుఁ, బడమట నొకటియు రెండు ధ్వజస్తంభము లుండుట యీ యాలయమునకు విశేషము. మండపస్తంభములమీఁద నూఱింటికి మించిన శాసనములు చెక్కఁబడి యున్నవి. వానిలోఁ బెక్కు తూర్పు గంగరాజుల కాలమునాఁటివి. దక్షిణహిందూదేశ శాసనసంపుటములలో నైదవదానియందు ముఖలింగ శాసనములతోఁ గూడ నివి ప్రకటింపఁబడినవి.

ఈ శాసనములు కొన్ని సంస్కృతమునను, బెక్కు తెలుఁగునను వ్రాయఁబడినవి. కొన్నింటియందు మొదట సంస్కృతశ్లోకమును, దరువాత నదే విషయమునకుఁ దెలుఁగు వచనమును గలవు. శ్లోకమునందు సంవత్సరసంఖ్య భూతసంఖ్యారూపమునఁ, అనఁగా నేత్రములు రెండు, వేదములు నాలుగు అను సంకేతముతోఁ జెప్పఁబడును. వచనమునందు అదే సంఖ్య అంకెలతోఁ జూపఁబడును. శ్లోకము పండితునికొఱకు, వచనము దేవళమున దీపమునకు నెయ్యి కొలుచువానికొఱకు. ఒకే విషయమును ఇరువురికి ఇరుభాషలలోఁ జెప్పినను, విషయము మాఱలేదు.

దాతలలో రాజులు కలరు, రాజబంధువులు కలరు, అధికారులు కలరు, స్త్రీలు కలరు. దానములలోఁ దఱుచుగాఁ గనఁబడునది అఖండదీపము. దానికై కొందఱు గోవుల నిచ్చిరి, కొందఱు మాడలను శ్రీభండారమునఁ జెల్లించిరి. అట్టి సామాన్యశాసనము కొన్ని పంక్తులకు మించదు. దానిలోని క్రమ మిట్లుండును. మొదట శకవర్షమును దిథియును. తరువాత దాత పేరు, ఆ పేరుతో నుద్యోగమో, తండ్రి పేరో, భర్త పేరో, నివాసమో. పిమ్మట నిచ్చిన వస్తువును దాని పరిమాణమును. ఆపై దానిని నిర్వహింపవలసినవారు. తుట్టతుద నా ధర్మమును శ్రీవైష్ణవుల రక్షణమున కప్పగించు మాట. స్తంభముఖము వెడల్పు పరిమితము. ఱాతిపనివాని కూలి యక్షరములనుబట్టి పెరుగును. పక్కనే మఱియొకరి శాసనము చెక్కవలసి యుండును. ఇట్టి నిర్బంధములలోఁ బుట్టిన వాక్యమునందు వ్యర్థపదమునకుఁ దావు లేదు.

ఈ క్రమము శిల్పుల స్వేచ్ఛచేఁ గలిగినది కాదు. దానపత్రము వ్రాయించు రాజు వస్త్రముమీఁదనో తామ్రపట్టముమీఁదనో తన ముద్రతోఁ గూడ నెట్లు వ్రాయింపవలెనో యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయమున విధించినది. తన పూర్వులను, దన్నును బేర్కొనవలెను, దాన పరిమాణమును, దానభూమి యెల్లలను జెప్పవలెను, స్వహస్తముతోఁ జేవ్రాలు చేయవలెను, కాలము వేయవలెను. ఎవఁడు, ఎవరివాఁడు, ఏమి యిచ్చె, ఎప్పు డిచ్చె నను ప్రశ్నల కిందు సమాధానము కలదు. శ్రీకూర్మమునందలి చిన్నదాత గూడఁ దన తాహతుకుఁ దగినట్లు ఈ ధర్మమునే యనుసరించెను.

పేరొక్కటియే యుండిన నేమగునో గంగవంశమే చూపును. పదుమూఁడవ శతాబ్ది నడుమనుండి పదునైదవ శతాబ్ది మొదటిదాఁక ఆ సింహాసనమున నరసింహదేవులు నలువురు, భానుదేవులు నలువురు, ఒకరి వెనుక నొకరుగా నేలిరి. నరసింహదేవుని రాజ్యమున ననిన, నే నరసింహుఁడో తెలియదు. గంగరాజుల యంకసంవత్సరముల లెక్కయు విలక్షణమైనది. దానిలో 1, 6, 16, 20, 26 మొదలగు సంఖ్యలను విడిచి లెక్కింతురు. ఆ మర్యాద నెఱుఁగనివాఁడు అంకసంఖ్య చూచి సంవత్సరములు పొరపడును. శకవర్షము ప్రక్కన నుండుటచేతనే యిట్టి శాసనములలోఁ బెక్కింటికిఁ గాలనిర్ణయము కలిగినది. కాఁబట్టి పేరునకు విశేషణము కావలెను; ఆ విశేషణ మన్యులకుఁ దెలియునది కావలెను.

చతుర్విధశబ్దములు

ఏ విశేషణము కావలెనను ప్రశ్నకు వ్యాకరణశాస్త్రమున సమాధానము దొరకును. శబ్దములు నాలుగు తెఱఁగులఁ బ్రవర్తించునని మహాభాష్యకారుని మతము: జాతిశబ్దములు, గుణశబ్దములు, క్రియాశబ్దములు, యదృచ్ఛాశబ్దములు. గోవనునది జాతిశబ్దము, శుక్లమనునది గుణశబ్దము, చలమనునది క్రియాశబ్దము, డిత్థుఁడనునది యదృచ్ఛాశబ్దము. తలిదండ్రులు పెట్టిన పేరు యదృచ్ఛాశబ్దము. అర్థ మున్నను వ్యక్తియం దా యర్థము నియతము కాదు. ఇంటిపేరు, కులము, ఊరు జాతిశబ్దస్థానీయములు. అనేకులలో నితఁ డే గుంపువాఁడో యవి తెలుపును. వృత్తి క్రియాశబ్దము. విద్వద్వరుఁడు, విశ్వాసపాత్రుఁడు, అగ్రగణ్యుఁడు అనునవి గుణశబ్దములు.

ఈ నాల్గింటిలో మొదటి మూఁడును దాను జెప్పుకొనవలసినవి; నాల్గవది పరులు చెప్పవలసినది. పేరుచీటి దాత యిచ్చిన దీపశాసనమువంటిది. ఆ మూఁడింటితో నది పూర్ణమగును. గుణశబ్దము చేరినకొలఁది తావు తఱుగును గాని తెలివి పెరుగదు. ఉక్తమైన యర్థమును మఱలఁ జెప్పరాదను న్యాయ మిచట వర్తించును. వైద్యుఁ డనిన పిమ్మట రోగములు కుదుర్చువాఁ డని వ్రాయుట పునరుక్తి. వ్యాకర్తలు అర్ధమాత్రాలాఘవమునకే పుత్రోత్సవమంత సంతోషింతురను నానుడి పేరుచీటి కూర్చువానికిఁ గూడఁ దగినదే.

నరహరితీర్థుల శాసనము

ఈ సూత్రమునకు శ్రీకూర్మమున నున్న గొప్ప యుదాహరణము నరహరితీర్థుల శాసనము. ఇది శకవర్షము 1203, అనఁగా క్రీ. శ. 1281 నాఁటిది. హొసకోట కృష్ణశాస్త్రిగారు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా యాఱవ సంపుటమునఁ బ్రకటించిరి. సంస్కృతశ్లోకములతో నున్న యీ శాసనము మొదటఁ బురుషోత్తమతీర్థుని, బిమ్మట నాతని శిష్యుఁ డగు ఆనందతీర్థుని, అనఁగా మధ్వాచార్యుని, దరువాత నాతని శిష్యుఁ డగు నరహరితీర్థుని జెప్పును. ఆ నరహరి కళింగప్రజలను బాలించుట, శబరులనుండి శ్రీకూర్మమును రక్షించుట, కూర్మనాథుని యెదుట యోగానందనృసింహుని బ్రతిష్ఠించుట వర్ణింపఁబడినవి.

సన్న్యాసికి ఇంటిపేరు లేదు, తండ్రి పేరు చెప్పఁగూడదు. ఆ తావున గురుపరంపర నిలిచినది. పేరు, గురువు, పని, ప్రదేశము, సంవత్సరము అను నైదును ఒక్కచోఁ గూడినవి. వీని ఫలము శ్రీకూర్మము దాటి పోయినది. మఠములందలి పరంపరాపట్టికలలో నొక సంప్రదాయము మధ్వాచార్యుని జీవితకాలమును బండ్రెండవ శతాబ్దిలో నుంచెను. ఆతని సాక్షాచ్ఛిష్యుఁడు పదుమూఁడవ శతాబ్ది చివరిభాగమున శ్రీకూర్మమునఁ బ్రతిష్ఠ చేయుట స్తంభముమీఁద స్పష్టముగా నుండఁగా, నా లెక్క నిలువలేదు. ఇప్పుడు పెక్కుమంది చరిత్రకారు లంగీకరించిన 1238–1317 అను కాలమునకు ఈ శాసనము ముఖ్యాధారములలో నొకటి. శ్లోకములందు స్తోత్రపదములు లేకపోలేదు. కాని చరిత్రకు వానివలన నిర్ణయము కలుగలేదు. గురువు పేరు, శకవర్షము అను రెండు స్వల్పవిషయములవలనఁ గలిగినది.

తామ్రపత్రముల ముద్రలు

శాసనముకంటెను బేరుచీటికి సన్నిహితమైనది ముద్ర. తామ్రపత్రములకుఁ జివర రంధ్రము చేసి, యందు వలయము దూర్చి, వలయపు మొనలను ముద్రతో బంధింతురు. పత్రము చదువకముందే ముద్ర చూచినవానికి నది యెవరిదో తెలియవలెను. ఇప్పటి విజయనగరము జిల్లాలోని చీపురుపల్లెలో దొరకిన తూర్పు చాళుక్య విష్ణువర్ధనుని తామ్రపత్రములు ఏడవ శతాబ్దివి. వాని ముద్రమీఁద నాతని బిరుదమగు విషమసిద్ధి యను పదము కలదు. తరువాతి చాళుక్యుల ముద్రలయందు శ్రీత్రిభువనాంకుశ యను బిరుదమును, వరాహలాంఛనమును, సూర్యచంద్రులును, అంకుశమును గనఁబడును. గంగరాజుల ముద్రలకుఁ గూర్చున్న వృషభము లాంఛనము.

వరాహముతో నున్నది చాళుక్యులది, వృషభముతో నున్నది గంగులది అని యక్షరము రానివాఁడును జెప్పఁగలఁడు. అక్షరములు వచ్చినవాఁడు ఒక్క పదము చదివి నిశ్చయించుకొనును. ఇచట నేర్వవలసిన దొకటి కలదు. లాంఛన మొక్కటి, అది తరతరములకు మాఱక వచ్చినది. పదమొకటి, అది బొమ్మను వివరించుటకుఁ గాక వ్యక్తిని దెలుపుటకు వచ్చినది. నేఁటి చీటిలో దీపము, తామరపువ్వు, భూగోళము, కరచాలనము అన్నియుఁ గలిపి యచ్చువేయించుట చూచుచున్నారము. అన్ని బొమ్మలు కలసి యొక్కని లాంఛనము కాఁజాలవు.

అతిప్రశస్తి దోషము

మితిమీఱిన స్వప్రశస్తివలనఁ గలుగు నష్టమునకు గంగరాజుల పత్రములే సాక్ష్యములు. శకవర్షము 979, అనఁగా క్రీ. శ. 1057 నాఁటి వజ్రహస్తుని నడగాము తామ్రపత్రములను గిడుగు వేంకట రామమూర్తిగారు ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటమునఁ బ్రకటించిరి. ఆ పత్రములలో గుణమహార్ణవుఁడు మొదలుకొని వరుసగా రాజుల పేళ్లును, ఒక్కొక్కఁడు ఏలిన సంవత్సరములును, వజ్రహస్తుని పట్టాభిషేకకాలమును గలవు. అవి క్లుప్తములు, పరీక్షింపఁదగినవి. ఆతని మనుమఁడు అనంతవర్మ చోడగంగదేవుఁడు శకవర్షము 1040, అనఁగా క్రీ. శ. 1118 నాఁ డిచ్చిన విశాఖపట్టణ తామ్రపత్రములలో వంశావళి విష్ణువునుండి చంద్రుని మీఁదుగా బయలుదేఱి, గంగవాడిలోఁ గోలాహలపురమును నిర్మించిన రాజును దాఁటి, కామార్ణవుఁ డన్నదమ్ములతోఁ గళింగమునకు వచ్చుటవఱకు విస్తరించినది. ఈ రెండు వంశావళులును బూర్వభాగమున నేకీభవింపవు.

చోడగంగుఁడు తన తాతకంటె మిక్కిలి గొప్ప రాజు. రాజ్యము గోదావరీతీరమునుండి గంగాతీరమువఱకు విస్తరించినది. పూరీక్షేత్రమందలి జగన్నాథాలయ నిర్మాణమున కతఁడే ప్రారంభకుఁడు. అట్టివానికి దేవతామూలమగు వంశావళి యవసరము లేదు. చేసిన పనియే చాలును. అయినను దీర్ఘమైన ప్రశస్తిని జేర్చుటవలనఁ జరిత్రకారుఁ డాతని మాటలలో నేది గ్రహింపవలెనో, యేది విడువవలెనో జల్లించుకొనవలసి వచ్చెను. నడగాము పత్రములకు ఆ యిబ్బంది తక్కువ. స్వపరిచయమునం దొక్క యసత్యము చేరినచోఁ బ్రక్కనున్న సత్యమునకుఁ గూడ శంక తగులును. పేరుచీటిలో లేని బిరుదమును జేర్చువాఁడు ఉన్న బిరుదమును గూడఁ బోఁగొట్టుకొనును.

దేశాంతరములందలి చీటులు

ఇట్టి విచారము ఇతరదేశములందును జరిగినది. చీనాదేశమున నధికారులు దర్శనమునకుఁ బోవునపుడు వెదురుబద్దమీఁదనో కొయ్యపలకమీఁదనో పేరు వ్రాసి ముందుగాఁ బంపుట హనుల కాలమునాఁటి యాచారము. క్రీ. శ. 249లో మరణించిన వూ రాజ్యపు సేనాపతి ఝూ రాను సమాధిని 1984లో ఆన్‌హ్వే ప్రాంతమునఁ ద్రవ్వఁగా, ఆతని పేరుపలకలు బయల్పడినవి. వానిలోఁ బెక్కింటిమీఁద నాతని ఊరు లేక ప్రాంతము, పేరు, నమస్కారపూర్వకమగు కుశలప్రశ్నము, వ్యవహారనామము కలవు. సేనాపతి యైనవాఁడు తన విజయములలో నొకటియు వ్రాయలేదు. పదునేడువందల సంవత్సరములు మట్టిక్రింద నున్నను ఆ పలక లిది ఫలానివాని సమాధి యని చెప్పఁగలిగినవి.

లండను నగరమున వర్తకుల చీటులు పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దులలో వ్యాపించినవి. అప్పటి కచట నిండ్లకు సంఖ్యలు లేవు. కావున వర్తకుఁడు తన యంగడి గుఱుతుపలకనే చీటిపై వేయించి, యే వీథిలో, దేనికి సమీపమున నున్నదో వ్రాయించెను. 1762 తరువాత వీథిలోనికి వ్రేలాడు గుఱుతుపలకలను దొలఁగించుటయు, నిండ్లకు సంఖ్యలు వేయుటయు జరిగినకొలఁది, చీటిలో బొమ్మకుఁ బ్రాధాన్యము తగ్గి సంఖ్యకు హెచ్చినది. విలియం హోగార్తు అను ప్రసిద్ధచిత్రకారుఁడు లోహఫలకములు చెక్కు వృత్తిలోఁ బ్రవేశించినపుడు తన చీటిని దానే చెక్కుకొనెను. దానిపై 1720 ఏప్రిలు 23 అను తేదీ కలదు. ఆ చీటిలోఁ బేరు, వృత్తి, కాలము ఉన్నవి. నైపుణ్యమును బదములతోఁ జెప్పలేదు. చీటి పనితనమే దానిని జూపినది. గుణశబ్దమును బ్రయోగింపక గుణమును దెలుపుట యిదియే.

పొడియక్షరముల వలని నష్టము

ఆంగ్లేయుల పరిపాలనతో ఈ చీటి మన దేశమునకు వచ్చెను. క్రొత్తగా వచ్చిన యధికారి తక్కినవారి యిండ్లవాకిట నుంచిన పెట్టెలోఁ దన చీటిని విడిచిపోవుట వారి మర్యాద. మనవారిలో ఆంగ్లవిద్య నేర్చినవారు దాని నవలంబించిరి. చీటితోఁగూడ పేరు వ్రాయు పద్ధతియు మాఱినది. ఆంగ్లేయునికి ఇంటిపేరు చివర నుండును. అది పూర్ణముగా నిలుచును, ముందున్న సొంతపేరు పొడియక్షర మగును. తెలుఁగువానికి ఇంటిపేరు ముందుండును. ముందున్నదానిని బొడిచేయవలె నను నాంగ్లమర్యాదను దెలుఁగుపేరునకుఁ దగిలించుటచే, వంశమును దెలుపు మాటయే నశించి యదృచ్ఛాశబ్దము మిగిలినది.

దీనివలని నష్టమున కీ సీమలోనే గొప్ప యుదాహరణము కలదు. ముఖలింగసమీపమునఁ బర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిగారు, పైఁ జెప్పిన నడగాము పత్రముల వ్యాసమున జి. వి. రామమూర్తి. ఆయనకు విజయనగరమున సహాధ్యాయియు, ఆ సంస్థానమున శాసనపరిశోధకుఁడుగాఁ గూడఁ బనిచేసినవారును అగు గురజాడ వేంకట అప్పారావుగారు, ఆంగ్లలేఖనములలో జి. వి. అప్పారావు. ఇరువురును ఒకే కాలమువారు; ఒకే సీమవారు; ఇరువురికిని శాసనములతోఁ బరిచయము కలదు. ఇరువురి యింటిపేళ్లును, నడిమిపేళ్లును రెండేసి యాంగ్లాక్షరములలో నొక్కటే యైనవి. వ్యావహారికవాదమునఁ గొంతకాలము వీరి కెదురుపక్షమున నిలిచిన జయంతి రామయ్యపంతులుగా రాంగ్లపత్రికలలో జె. రామయ్య. వీరు మహాప్రసిద్ధులు గావున నేఁడు భ్రాంతి లేదు. ప్రసిద్ధి లేనివాని గతి యేమి? పాఠశాల రిజిస్టరులో, భూమిదస్తావేజులో, ఊరి గ్రంథాలయపు దాతలపలకమీఁద జి. వి. అని మాత్రమే యున్నవాఁడు నూఱేండ్లకుఁ బిమ్మట నెవ్వఁడగును? శ్రీకూర్మమున నేడువందల యేండ్లనాఁటి దీపదాతను దండ్రి పేరుతో, ఊరితో గుర్తింపఁగలుగుచున్నాము. నిన్నమొన్నటి పలకమీఁది దాతను గుర్తింపలేకున్నాము.

పొడియక్షరము తప్పనిచోట నైనఁ దెలుఁగులిపియం దొక సౌకర్యము కలదు. ఆంగ్లాక్షరము హల్లును మాత్రము తెలుపును. తెలుఁగక్షరము హల్లుతో నచ్చును గూడఁ దెలుపును. ఆంగ్లమున నొక్కటే యైన గిడుగు, గురజాడ అను పేళ్లు తెలుఁగునఁ బొడిచేసినను గి, గు అని వేఱుగా నిలుచును. జయంతివారిది జ యగును గాని జె కానేరదు. ఆంగ్లాక్షరపు పేరును దెచ్చి తెలుఁగులిపిలో జి. వి. అని వ్రాయుట రెండు భాషల లోపములను గూర్చి రెండింటి గుణములను విడుచుట.

ఊరిపేరు విషయమునను జాగ్రత వలయును. పరిపాలనావిభాగములు మాఱుచుండును, ఊరు నిలుచును. శ్రీకూర్మము ఆంగ్లేయుల కాలమున గంజాము జిల్లాలోనిది. అప్పటి కాగితములలో శ్రీకాకుళము చికాకోలు. 1936లో నొరిస్సారాష్ట్ర మేర్పడఁగా నీ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోఁ జేరెను. 1950లో శ్రీకాకుళము వేఱు జిల్లా యైనది. గంజాము జిల్లా, చికాకోలు అని మాత్రమే యున్న పాతచీటి నేఁటివానిని దారి తప్పించును. శ్రీకూర్మమని యున్నచో నెప్పటివాఁడైనను దారి కనుఁగొనును. జిల్లా పేరు తపాలావారి సౌకర్యమునకు; ఊరిపేరు మనుష్యుని గుర్తునకు. తావు చాలనిచో మొదటిదానినే కుదింపవలెను.

లిపియుఁ దావును

మన దేశమునఁ దఱుచుగా వాడు పేరుచీటి మూఁడున్నర యంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు. అనఁగా సుమారు 89 మిల్లీమీటర్లు, 51 మిల్లీమీటర్లు. ఇది స్తంభముఖముకంటెను మిక్కిలి చిన్నది. ఇందుఁ దెలుఁగక్షరములు కూర్చువాఁడు ఆంగ్లాక్షరముల కొలతను దీసికొనరాదు. ఆంగ్లాక్షరము చాలవఱకు నొక్క వరుసలో నిలుచును. తెలుఁగక్షరమునకుఁ బైని దలకట్టును గుడియు, క్రింద నొత్తును గలవు. లక్ష్మి, శాస్త్రి వంటి పేళ్లలో నొత్తుక్రింద మఱియొక యొత్తు దిగును. పంక్తుల నడుమఁ జాలినంత యెడము లేనిచో పైపంక్తి యొత్తు క్రిందిపంక్తి గుడిని దాఁకును. అక్షరము మిక్కిలి చిన్నదైనచో ద, ధ లకును, ప, వ లకును భేదము కనఁబడదు. ఇంటిపేరున నొక్క యక్షరము మాఱిన వంశమే మాఱును. కాఁబట్టి తెలుఁగుపంక్తులు తక్కువగా నుండవలెను, అక్షరములు పెద్దవిగా నుండవలెను, చుట్టును ఖాళీ విడువవలెను. ఖాళీ వ్యర్థము కాదు. చదువువాని కన్ను నిలుచుటకది యాధారము.

రెండు భాషలు కావలసినవాఁడు ఒక్క ముఖముననే రెండింటిని గ్రుక్కుట మంచిది కాదు. శ్రీకూర్మపు శాసనకర్త శ్లోకమును ముగించి వచనము నారంభించినట్లు, ఒక ముఖమునఁ దెలుఁగును, రెండవముఖమున నాంగ్లమును నుంచవచ్చును. తెలుఁగుముఖమునఁ బేరు మొదట, ఇంటిపేరుతోఁ బూర్ణముగా, దాని క్రింద వృత్తి యొక్క పదమున, పిమ్మట నూరు, చివరఁ దంతివార్తాదిసాధనముల స్థానమున నేఁడున్న దూరవాణిసంఖ్య. సంఖ్య చివర నుండుటకుఁ గారణము కలదు; అన్నింటికంటె ముందు మాఱునది యదియే. నేఁడు కొందఱు నల్లగడుల చతురస్రసంకేతమును జీటిపై నచ్చువేయించుచున్నారు. దానిని యంత్రమే చదువును. భూతసంఖ్యతోఁ జెప్పిన శకవర్షమువంటిదే యిది. సంకేతము తెలిసినవానికి సుగమము, తెలియనివానికి శూన్యము. వచనమున నంకెలు వేసిన పూర్వుల జాగ్రత యిచటను బాటింపఁదగినది. సంకేతముండవచ్చును, దాని ప్రక్క నక్షరములును ఉండవలెను.

శాసనము శాశ్వతము, చీటి క్షణికము. ఱాతికిఁ జెల్లు నియమము కాగితమున కేల యని యెవరైన నడుగవచ్చును. ఝూ రాను పలకలును దర్శనమునకై వ్రాసినవే. ఏది నిలుచునో వ్రాయునాఁడు తెలియదు. గ్రంథములనడుమ గుఱుతుగా నుంచిన పాతచీటివలన గ్రంథస్వామి యెవరో తెలిసిన సందర్భములు పుస్తకభాండాగారములందుఁ గలుగుచుండును. అదిగాక, చీటి క్షణికమే యైనను దానియందుఁ బేరు వ్రాయు నలవాటు క్షణికము కాదు. చీటిలోఁ బొడిచేసిన పేరే దస్తావేజులోఁ బొడి యగును. దస్తావేజులోఁ బొడి యైనది చరిత్రలో లుప్త మగును.

కావునఁ బాఠశాలలలోఁ దెలుఁగు చెప్పు పండితులు విద్యార్థులచేత నొక్కమారైనఁ దమ యింటిపేరు, పేరు, ఊరు పూర్ణముగాఁ దెలుఁగులిపిలో నొక చిన్న చీటిమీఁద వ్రాయించుట మేలు. ఇంటిపేరు విస్తరించి వ్రాయలేని బాలుఁ డొక్కఁ డుండినను, వానిని ఇంటికిఁ బోయి పెద్దల నడిగి రమ్మనుట వ్యాకరణపాఠముకంటెఁ దక్కువ పని కాదు. శ్రీకూర్మమునకు సమీపమున నున్న పాఠశాలలవారు ఆ బాలురనే మండపమునకుఁ గొనిపోయి, యొక దీపదాత తన్నుఁ దా నెన్ని మాటలలోఁ జెప్పుకొనెనో లెక్కింపఁజేయవచ్చును. ఆ దాత యిచ్చిన మాడలు వ్యయమైనవి, గోవులు గతించినవి. పేరు, తండ్రి, ఊరు, సంవత్సరము మాత్రము స్తంభముమీఁద నిలిచినవి. వీనిని విడువక తావును గాచు రచనయే మంచి పేరుచీటి. విద్వాంసులు దీనిని బరిశీలింతురు గాక.